రాజు ఎవర్నడిగి కూచున్నాడు?

సినిమావాళ్లారా, మా నల్లకోట నాటకాలు కొనుక్కుపోయి, వాటి గుండెకాయ పీకి పారేసి, తోలుకు రంగు పూసి తెచ్చినోళ్లు మీరే. మదరాసులో పంకాల కింద కూచుని, ఈ సీమ జనానికి నాలుగు కత్తులు చూపిస్తే చాలులే అనుకున్నోళ్లు మీరే. లేవికి మీరు చేసిన అన్యాయం ఏందో వినండి.

లేవిది నందికొట్కూరుకు ఆరు మైళ్ల దూరంలో ఉండే పల్లె, మాలపేట. ఇరవై రెండేండ్లు నల్లకోట నాటకాలాడే సమాజంలో ఉండినాడు. రాజు వేషం, మంత్రి వేషం పెద్దకులాలోళ్లవి. లేవిని రంగం ఎక్కనియ్యలేదు. గొంతు మాత్రం వాళ్లకు కావాల్సొచ్చింది. నాటకంలో రాజు నల్లకోట గెలిచినాక లేవి జనం మధ్యలో నిలబడి, యుద్ధంలో చచ్చిన బంట్ల పేర్లు పిలవాల. ఒక్కో పేరుకూ జనంలోంచి ఎవరో ఒకరు లేచి "ఉండాడు!" అని పలకాల. ఆఖరి పేరుకు పలికేదాకా రాజు సింహాసనం మీద కూచోరాదు. అదీ కట్టుబాటు.

పాత జర్మనీ యుద్ధంలో ఈ పల్లెల పిల్లోళ్లు శానామంది దేశంగాని దేశంలో పోయినారు. శవం రాలేదు, గోరీ లేదు. వాళ్ల తల్లులు నాటకానికి ముందే వచ్చి లేవి చెవిలో కొడుకు పేరు చెప్పేవాళ్లు. దాన్ని బంట్ల పేర్లలో కలిపి పిలిచేవాడు. తల్లి లేచి "ఉండాడు!" అని అరిచి, కూలబడి ఏడ్చి, మర్నాడు కూలికి పోయేది. అందాకా ఏ తల్లీ సరిగా ఏడ్చింది లేదు.

ఒకటే నియమం. పిలిచేవాడు తానే పలకరాదు.

రెండేండ్ల కిందట లేవి కొడుకు ఆనందం బర్మాలో పోయినాడని కాగితం వచ్చింది. అప్పటికే రాజు వేషగాడు సినిమాల్లో చేరను మదరాసు రైలెక్కినాడు, సమాజం చెదిరిపోయింది. చర్చిలో పాదిరి ప్రార్థన చేసినాడు. జనం నడుమ మాత్రం ఆ పేరు ఎవరూ పిలవలేదు. ఏడాది తిరక్కుండానే భార్య జీవమ్మా పోయింది. లేవి రెండు పూటలకూ ఒక్కసారే సంగటి కెలుక్కుని, ఆ కుండతోనే మాట్లాడుకుంటా తినేవాడు.

అట్లాంటప్పుడు నందికొట్కూరులో టెంటు వేసి సినిమాలాడించే రామకృష్ణ బండి కట్టుకుని వచ్చినాడు.

"ఏమప్పా లేవీ, మీ నాటకమే సినిమా అయ్యుండాది. వచ్చి చూసి, జనానికి నాలుగు మంచి ముక్కలు చెప్పు. నీ మాటకు పల్లెలన్నీ కదులుతాయి."

"పేర్లు పిలిచేకాడ నన్ను పలకనిస్తారా సామీ?"

"అరుచుకో పో! టెంటు నీదే అనుకో."

ఆయనా ఆ సినిమా చూసింది లేదు. రీళ్ల పెట్టెలు ఆ పొద్దునే బస్సులోంచి దిగినాయి.

లేవి పంచె ఉతుక్కుని ఆరు మైళ్లూ నడిచినాడు. తెర మీద బొమ్మ ఏ పేరు పిలిచినా సరే, అది ఆనందమే అనుకుని పలుకుదాం అనుకున్నాడు. ఈసారి పిలిచేది తాను కాదు గదా.

సాయంత్రం ఆట మొదలైంది. నాటకంలో గుర్రమంటే నడుముకు కట్టిన వెదురుబుట్ట. ఈడ నూరు గుర్రాలు దుమ్ము లేపినాయి. ఏనుగు కోటతలుపును గుద్దితే లేవి కూడా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. కోట గెలిచినారు. లేవి గొంతు సవరించుకుని లేచి నిలబడినాడు.

"కూచోప్పా, తల అడ్డం!" అని వెనకనుంచి ఎవరో అరిచినారు.

రాజు రెండేసి మెట్లు ఎక్కి పోయి సింహాసనం మీద కూచున్నాడు. ఆడపిల్లలు గజ్జెలతో దూకినారు. ఒక్క పేరు లేదు. లేవి తెరిచిన నోరు తెరిచినట్లే ఉండిపోయింది.

ఆ రీలు అయిపోయి, ఇంకో రీలు ఎక్కించేలోపల దీపాలు వెలిగినాయి. రామకృష్ణ అతన్ని తెర ముందుకు లాక్కుపోయి, "చెప్పప్పా!" అన్నాడు.

"గుర్రాలు బాగుండాయి," అన్నాడు లేవి. "ఏనుగు శానా బాగుండాది. రాణీ మేలే. మా రాణి రంగన్న ఏడిస్తే రంగు కారి మీసం బయటపడేది."

జనం నవ్వినారు.

"రాజు ఎవర్నడిగి కూచున్నాడు?"

"టికెట్టు కొన్నాడులేప్పా!" అన్నాడు నేల మీదినుంచి ఒకడు. టెంటంతా ఘొల్లుమంది.

"ఇంక చాల్లే, పక్కకు రా," అని రామకృష్ణ గొణిగినాడు. లేవి కదల్లేదు. నవ్వే మొఖాల్లో తెలిసినవి వెతికినాడు.

"సోమక్కా, నీ తమ్మునికి పిలిచింది ఎవరు? దాసన్నా, మీ చిన్నాయనకు?"

సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. దాసన్న తల వంచుకున్నాడు. నవ్వు ఒక్కోచోటే ఆగిపోయింది.

"మీ అందరికీ పిలిచినా. నాకు పిలిచేటోడు లేడు. సామీ, ఆ మిషను తిప్పబాకండి. నేను పోయి జనంలో కూచుంటా. మీలో ఎవరన్నా ఒకరు లేసి ఈడికి రండి. బర్మాలో సచ్చిపోయిన లేవి కొడుకు ఆనందం, అని గట్టిగా పిలవండి, నేను పలుకుతా. మొగోళ్లయినా సరే, ఆడోళ్లయినా సరే. ఎవరొస్తారు? రేపు గాదు, ఆట అయిపోయినాక గాదు. ఇప్పుడే పిలవండి."