మిక్సీ ఆపక్కా

శ్రీరాములు కంప్యూటర్ పెట్టెలోంచి ర్యామ్ పట్టీలు రెండూ ఊడబెరికి, వాటి పసుప్పచ్చటి పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతున్నాడు. పొద్దున లేచిందగ్గర్నుంచి ఇదే పని. ఉఫ్ అని ఊది, మళ్లీ బిగించి, బటన్ నొక్కాడు. తెర వెలిగింది. 'చి.ల.సౌ. అనిత' అని కొట్టి, పెళ్లికొడుకు గౌతమ్ దగ్గరికి వచ్చేసరికి తెర నల్లబడింది. కంప్యూటర్ తనంతట తానే ఆగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలైంది.

"నీ పాసుగూల!" అన్నాడు.

సాయంత్రం పెళ్లిపత్రిక చూసుకోవడానికి రామసముద్రం నుంచి పెళ్లివారు వస్తారు. తయారుగా లేకపోతే పుంగనూరులో పత్రికలు కొట్టేవాళ్లకు కరువా? కొత్తది కొనే తాహతు లేక, ఒక్కో భాగం ఒక్కోచోట ఏరుకొచ్చి తన చేత్తో బిగించుకున్న కంప్యూటర్ ఇది. ఊళ్లో సగం పెళ్లిళ్లు దీని మీదుగానే జరిగాయి.

భార్య పోయినప్పటి నుంచి ఇల్లు బావురుమంటోంది. కుప్పంలో కొడుకు దగ్గరున్న అక్క మునిలక్ష్మిని బతిమాలి బతిమాలి, దసరాకు ముందు తీసుకొచ్చుకున్నాడు. తల్లిలా పెంచిన మనిషి. ఆమె ఇక్కడే ఉండిపోతే అతనికి ఇంకేమీ అక్కర్లేదు. ఆ మాట నోరు తెరిచి మాత్రం చెప్పలేదు. అక్కకు తెలియదా అనుకున్నాడు.

టార్చి వేసి పెట్టెలోకి చూశాడు. లోపలి బోర్డు మీద, ర్యామ్ పక్కనే, ఎండిపోయిన పసుపు. దాని మీద కుంకుమ.

"అక్కా! ఇదేంది?"

"ఆయుధపూజ నాడు పెట్టినా గదరా. మూత తెరిసే ఉండె. పనిముట్టుకు బొట్టు లేకుంటే ఎట్ల?"

"బయట పెట్టల్ల! కడుపులో పెడతారా ఎవురన్నా?"

అతడు స్పిరిట్ ముంచిన దూదితో తుడుస్తుంటే ఆమె చీపురు పట్టుకొని గడపలోనే నిలబడింది. తర్వాత వంటింట్లోకి పోయింది.

మళ్లీ మొదటినుంచి కొట్టాడు. ఈసారి గౌతమ్‌ను దాటాడు. పెళ్లికూతురి తాత పేరు దగ్గరుండగా వంటింట్లో మిక్సీ గుర్రుమంది. తెర నల్లబడింది.

"మిక్సీ ఆపక్కా! కరెంటంతా అదే పీక్కుంటాండాది!"

మిక్సీ ఆగింది. కాసేపటికి పెరట్లో రోలు చప్పుడు మొదలైంది. మోకాళ్ల నొప్పులతో ఆమె రోటి ముందు కూర్చుందని అతనికి తట్టింది కూడా. లేచి వెళ్లి వద్దని చెబుదామనుకున్నాడు. అంతలో తెర మళ్లీ నల్లబడింది. ఇప్పుడు బొట్టూ లేదు, మిక్సీ లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం లోకంలో ఉన్నదే. ఇక్కడ దుత్త మీద కోపం అక్క మీదికి మళ్లింది.

"నువ్వు రాకముందు ఇది బాగనే నడుస్తాండె!"

రోలు చప్పుడు ఆగిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఆమె సంచి పట్టుకొని వచ్చి నిలబడింది.

"రాములూ, కుప్పం బస్సుకు పోతాండా. మనవడు తలుసుకుంటాండాడంట."

స్క్రూడ్రైవర్ నోట్లో, తల పెట్టెలో ఉన్నాయి. "ఊ" అన్నాడు.

"అన్నం తిను. సల్లారిపోతాది."

దానికీ "ఊ" అన్నాడు. మాటలు చెవిలో పడ్డాయి గానీ తలకెక్కలేదు.

చివరికి విసుగెత్తి, రెండు పట్టీల్లో ఒకటి తీసేసి రెండోదానితోనే నడిపాడు. నడిచింది. తాత పేరు, ముహూర్తం, విందు, బంధుమిత్రుల అభినందనలు, అన్నీ కొట్టాడు. తెర రెప్ప వాల్చలేదు. తీసినదాన్ని ఒక్కదాన్నే పెట్టి చూశాడు. విఘ్నేశ్వరుడి బొమ్మ తెరిచేలోగానే తెర నల్లబడింది.

అక్కను తీసుకురావడానికి ముందురోజు మదనపల్లెకు పోయి, పాత సామాన్ల అంగట్లో తానే ఏరి కొన్న పట్టీ అది. కంప్యూటర్ వేగంగా నడిస్తే పెందలాడే పని ముగించి, అక్కతో నాలుగు మాటలు మాట్లాడొచ్చని కొన్నాడు.

"అక్కా, దొరికింది! తప్పు నీది కాదు, నేను తెచ్చిందే..." అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు.

అప్పుడు గుర్తొచ్చింది సంచి. బస్సు ఈపాటికి పలమనేరు దాటి ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఏడుపొచ్చింది.

మిక్సీ వైరు దాని మెడకే చుట్టి ఉంది. పెరట్లో పిల్లి ముట్టకుండా రోటి మీద పళ్లెం మూసి, పళ్లెం మీద బరువుకు పొత్రం పెట్టి ఉంది. తీసి చూశాడు. అడుగున, ఆమె వేళ్లతో నున్నగా అదిమి పెట్టిన, అతనికిష్టమైన రోటిపచ్చడి, చెనిక్కాయల ఊరిబిండి.