ఉప్పులో ఊదారంగు

మూడు వారాలుగా కూరలో ఏదో తేడా ఉందని ల్యాబాయనకు గట్టి అనుమానం. నాలుక మీద ఉప్పగానే ఉంటుంది, మింగాక మాత్రం గొంతులో ఇనుప మేకు చప్పరించినట్టు చేదు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై నాలుగేళ్లు సీసాలు కడిగి, పొడులు తూచి, పిల్లలు లేపిన కంపంతా భరించిన మనిషాయన. రిటైరై ఆరేళ్లయినా వీధంతా ఆయన్ని ల్యాబాయన అనే పిలుస్తుంది. తన నాలుక మీద ఆయనకున్న ధీమా తూకం యంత్రాల మీద కూడా లేదు.

కూతురు ఆఫీసు శిక్షణకని రెండు నెలలు వేరే ఊరు వెళ్లింది. ఇంట్లో మిగిలింది ఈయనా, అల్లుడూ. అల్లుడు లిఫ్టు మెకానిక్. పొద్దున్నే ఇద్దరికీ వండి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. మాట తక్కువ. మాట తక్కువవాళ్లంటే ల్యాబాయనకు మొదటినుంచీ గిట్టదు. చీటీ లేని సీసాను ఎలా నమ్మమంటారని ఆయన వాదన.

పైగా ఈమధ్య ఆ అల్లుడు రోజూ ఒకటే అడుగుతున్నాడు.

"కూరెలా ఉంది మామయ్యగారూ?"

నాలుగేళ్లలో ఏనాడూ అడగనివాడు ఇప్పుడెందుకు అడుగుతున్నట్టు? ల్యాబాయన "బానే ఉంది" అని, ఓరకంట చూస్తూ తినేవాడు. ఒకరోజు ఆ ఓరచూపుకు అసలు సంగతి చిక్కింది. అల్లుడు వేరే గిన్నెలోంచి తన పళ్లెంలో కూర వడ్డించుకుని, అలమర మూల నుంచి చిన్న సీసా తీసి, అందులోంచి ఉప్పు చల్లుకున్నాడు. పొయ్యి పక్కన ఇంత పెద్ద ఉప్పు డబ్బా ఉండగా, తనకు మాత్రం వేరే సీసా. ఆ ముద్ద ల్యాబాయనకు మింగుడుపడలేదు.

అప్పటికి వారం రోజులుగా ఆయన కాళ్లలో సత్తువ లేదు. రెండో అంతస్తు ఎక్కేసరికి మోకాళ్లు వణుకుతున్నాయి. గుండె కొట్టుకుంటూ కొట్టుకుంటూ మధ్యలో ఒక దెబ్బ మరిచిపోయినట్టు ఆగుతోంది. వయసని సరిపెట్టుకున్నాడు. ఆ సీసా చూశాక సరిపెట్టుకోలేకపోయాడు.

మర్నాడు అల్లుడు గుమ్మం దాటగానే తలుపు గడియ పెట్టాడు. పాత ట్రంకుపెట్టె అడుగు నుంచి సన్నటి తీగ ఒకటి, అరచేతంత నీలం గాజుపలక ఒకటి తీశాడు. రెండూ ల్యాబువే. అడిగి తెచ్చుకున్నాడో, అడగకుండా తెచ్చుకున్నాడో మనకెందుకు. బాత్‌రూము కడిగే యాసిడ్ చుక్క గిన్నెలో పోసి, తీగను అందులో ముంచి, గ్యాసు మంటలో పెట్టాడు. మంటకు ఏ రంగూ రాకుండా పోయేదాకా ముంచుతూ, కాలుస్తూనే ఉన్నాడు. చేతి చెమట అంటినా చాలు మంట పసుపుపచ్చగా మారిపోతుంది, ఎందుకంటే చెమటలోనూ ఉప్పే. ఈ సంగతి ఎన్ని వందలమంది పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి నోరు నొప్పి పుట్టిందో.

ముందు పక్కింటి దర్జీ దగ్గర అడిగి తెచ్చిన ఉప్పు. తీగ తడిపి, అద్ది, మంటలో పెట్టాడు. పసుపు. నీలం గాజు అడ్డం పెట్టుకుని చూశాడు. ఆ గాజు పసుపును మింగేస్తుంది. మంటలో ఇక చెప్పుకోదగ్గ రంగేమీ మిగల్లేదు. అల్లుడి చిన్న సీసా ఉప్పూ అంతే.

ఆఖరున ఇంటి డబ్బాలో ఉప్పు. మామూలు కంటికి అదీ పసుపే. గాజు అడ్డం పెట్టాడు. పసుపు చాటున అంతసేపూ దాక్కున్న ఊదారంగు బయటపడింది.

పొటాషియం.

ల్యాబాయన కుర్చీలో కూలబడి, తన గది గోడకు వేలాడుతున్న మూలకాల పట్టిక వంక చూశాడు. రిటైరయిన రోజున ల్యాబువాళ్లు ఇచ్చినది. ఎడమ చివర నిలువు వరుసలో పదకొండో గడి సోడియం. సరిగ్గా దాని కింద, పందొమ్మిదో గడి పొటాషియం. రెండింటికీ బయటి వరుసలో ఉన్నది ఒక్క ఎలక్ట్రానే, రెండూ దాన్ని క్లోరిన్‌కు ఇచ్చేసి ఉప్పుగా మారేవే. అన్నదమ్ముల్లాంటివి, ఒకదాని బదులు ఒకటి పెడితే నాలుక దాదాపు మోసపోతుంది. కానీ గుండె మోసపోదు. ఒంట్లో పొటాషియం హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది, మరీ మీరితే ఆగిపోతుంది. ఎక్కువైనదాన్ని బయటికి తోసే పని కిడ్నీలది.

ఆయన కిడ్నీలు సగం పనే చేస్తున్నాయి. మూడు నెలల కిందట డాక్టరు చెప్పి, రిపోర్టు చేతిలో పెట్టాడు. కూతురికి చెబితే ఉద్యోగం మానుకుని నెత్తిన పెట్టుకుని కూర్చుంటుందని, అల్లుడికి బరువైపోతానని, ఆయన దాన్ని ఆ పట్టిక వెనకాలే దాచాడు. ఇప్పుడు లేచి పట్టిక పక్కకు జరిపి చూశాడు. కాగితం మడత నలగకుండా అలాగే ఉంది. అల్లుడు చదివి మళ్లీ అలాగే మడిచి పెట్టి ఉంటాడనుకున్నాడు. అనుమానం పట్టిన మనిషికి సాక్ష్యం ఉన్నా సాక్ష్యమే, లేకపోయినా సాక్ష్యమే.

కానీ ఎందుకు? ఆలోచించి ఆలోచించి తల వేడెక్కింది. ఇల్లు అద్దెది. తన పేరున ఉన్నదల్లా చైను తెగిన సైకిలు. దానికోసం ఎవరూ ఎవరినీ చంపరు. అంటే బరువయ్యానన్నమాట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఏడుపు ఆగలేదు. చచ్చిపోతానన్న భయంకన్నా, తనను వద్దనుకున్నారన్న బాధే ఎక్కువయింది.

సాయంత్రం అల్లుడు వచ్చి సంచీ దించీ దించకముందే, ల్యాబాయన ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది తిను" అన్నాడు.

అల్లుడు డబ్బా వంకా, మామగారి ఎర్రబడ్డ కళ్ల వంకా చూశాడు. రెండు వేళ్లతో చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. మొహం చిట్లించాడు.

"చేదండి. నాకు పడదు. అందుకే ఉప్పు వెయ్యకముందే నా కూర తీసిపెట్టుకుని, మామూలుది చల్లుకుంటున్నా. మీకు తెలిసిపోయిందా?"

"ముప్పై నాలుగేళ్లు ల్యాబులో చేశాను. నా దగ్గరా నీ నాటకాలు? పొటాషియం కలిపావు."

"కలపలేదండి, కలిపిందే కొన్నాను." అల్లుడు పనిముట్ల సంచీ అడుగు నుంచి ఖాళీ ప్యాకెట్టు తీశాడు. పైన పెద్ద అక్షరాలతో సోడియం తక్కువ ఉప్పు అని ఉంది. "మీ బీపీకి ఉప్పు తగ్గించమన్నారు కదా. తగ్గించి వండితే పళ్లెం విసిరేశారు. మీ అమ్మాయి ఫోనులో ఏడిచింది. ఇదైతే రుచి ఉంటుంది, బీపీకీ మంచిదన్నారు. చెబితే తినరని డబ్బాలో పోసేశాను."

ల్యాబాయన ప్యాకెట్టు లాక్కుని వెనక్కి తిప్పాడు. చీమతలకాయలంత అక్షరాలు. కళ్లజోడు లేదు.

"అక్కడేం రాసుంది, చదువు."

"కిడ్నీ జబ్బున్నవాళ్లు వాడకూడదని. అది చదివాకే మీ అమ్మాయిని అడిగానండి. నాన్నకు అలాంటిదేం లేదు, ఉంటే నాకు చెప్పడా అంది."

పొద్దుటినుంచీ కూడగట్టుకున్న కోపం ఎటుపోవాలో తెలీక ల్యాబాయన మీదకే తిరిగింది. గదిలోకి వెళ్లి, పట్టిక వెనక నుంచి కాగితం తీసుకొచ్చి, అల్లుడి ముందు పెట్టాడు. తలెత్తి చూడలేదు.

అల్లుడు నిలబడే చదివాడు. తేదీ దగ్గర ఆగి మళ్లీ చదివాడు. ప్యాకెట్టు వెనక రాసినదంతా మరోసారి చూశాడు.

"కాళ్లు లాగుతున్నాయా మామయ్యగారూ? గుండె దడగా ఉందా?"

"వారం నుంచి."

"మూడు వారాలు నా చేత్తోనే పెట్టాను" అన్నాడు అల్లుడు. "మీకేదైనా అయ్యుంటే, నేనే..."

"నువ్వు కాదయ్యా" అన్నాడు ల్యాబాయన. పొద్దున తను ఏమనుకున్నాడో చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక మూసేశాడు.

అల్లుడు ఆటో పిలిచాడు. మెట్ల మీద మామగారి నడుం చుట్టూ చెయ్యివేసి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దింపాడు. ఆటో ఆసుపత్రి దారి పట్టాక భార్యకు చెప్పాలని ఫోను తీశాడు. ల్యాబాయన చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు. నువ్వు చెబితే తప్పు నీదనుకుంటుంది. దాచింది నేను."