రెండు కొసరు వాల్వులు

"బిల్లులో ఇరవై అని రాసి ఇరవై రెండు తెప్పించారంటండి," అన్నాడు శ్యాంబాబు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

రత్నమాణిక్యం కుర్చీలో కూర్చోబోతూ ఆగింది. "తెప్పించడమేంటండీ? ఆ రెండూ కొసరు."

రాజమండ్రిలో శ్యాంబాబు పనిచేసే ఆ కొరియర్ ఆఫీసుకు ఆమె కొవ్వూరు నుంచి వంతెన దాటి వచ్చింది. కొవ్వూరులో ఆమెకూ, మరిది మహేంద్రకూ కలిపి ఒక రైస్ మిల్లు ఉంది. పేరు జగన్నాథరావు రైస్ మిల్. జగన్నాథరావు ఆమె భర్త. ఆయన పోయాక కొనుగోళ్లన్నీ ఆమే చూస్తోంది.

మిల్లులో సార్టెక్స్ మిషన్ ఆగిపోయింది. బియ్యం జారుతుంటే ఆ మిషన్‌లోని కెమెరా నల్లగింజను పసిగడుతుంది, వాల్వు గాలి ఊది ఆ గింజను పక్కకు తోస్తుంది. వాల్వులు అరిగిపోయాయి. మిషన్ కంపెనీవాడు చెప్పిన ధర విని ఆమె ఫోన్ పెట్టేసింది. ఆన్‌లైన్‌లో చైనా వ్యాపారి ఒకడు దొరికితే అతని దగ్గర ఇరవై కొంది. డబ్బు కట్టేముందు, ఏ కొట్లోనైనా అడిగినట్టే చాట్‌లో అడిగింది: ఇరవై తీసుకుంటున్నాను కదా, పైన రెండు ఊరికే వెయ్యండి. అతను సరేనన్నాడు.

ఆ రెండూ డబ్బాలో ఉన్నాయి. బిల్లులో లేవు. కొసరుకు బిల్లు రాసిన కొట్టువాణ్ణి ఆమె పుట్టి ఎరగదు. రాయమని అడగాలని తోచనే లేదు. కస్టమ్స్‌వాళ్లు డబ్బా విప్పి లెక్కపెట్టి పార్సిల్ ఆపేశారు.

"మీదేవూరండీ?" అంది శ్యాంబాబుతో.

"కడియమండి."

"కడియంలో పుట్టి కొసరు తెలీదా?"

"ఎందుకు తెలీదండీ! కొత్తిమీర కొసరు వెయ్యకపోతే మా ఆవిడ కూరలబండి కదలనివ్వదు. కానీ ఈ సిస్టంలో కొసరుకి గడి లేదండి. సరుకు, సంఖ్య, విలువ. అంతే."

ఆమె సంచి తెరిచి కాగితాలు బల్ల మీద పెట్టింది. డబ్బు కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్. ఆర్డర్ పేజీ. చాట్ మొత్తం, ఇంగ్లీషులో. శ్యాంబాబు అన్నీ స్కాన్ చేసి కస్టమ్స్‌కి పంపాడు. జవాబు వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. భోజనాల వేళ దాటాక వచ్చింది.

"ఊరికే ఇచ్చినా సరుక్కి విలువ ఉంటుందంటండి. రెండు చూపించలేదు కాబట్టి మిగతా ఇరవైకి మీరు చెప్పిన ధర కూడా నమ్మలేం అంటున్నారు."

"బ్యాంకు కాగితం ఉంది కదండీ!"

"ఉందండి. రెండు దాచినవాళ్లు డబ్బు ఇంకో దారిలో కూడా పంపుంటారేమోనని..."

"దాచినవాళ్లా?"

"నా మాట కాదండి. వాళ్లు రాసింది."

"కొంగున కట్టుకుని తెచ్చానా? అదే డబ్బాలో, అదే వరుసలో పేర్చి పంపాడు. దాచేవాడెవడైనా అలా పెడతాడండీ?"

పక్క బల్ల దగ్గర పార్సిల్ తూయించుకుంటున్న మనిషి తలతిప్పి చూశాడు. శ్యాంబాబు గొంతు తగ్గించాడు. "దీనికో దారుందండి. వాళ్లే ఓ లెటర్ పంపారు. సంతకం పెట్టి సుంకం, జరిమానా కట్టేస్తే రెండ్రోజుల్లో సరుకు వచ్చేస్తుంది. లేదంటే విచారణ. ఎప్పుడు తేలుతుందో చెప్పలేనండి."

ఆమె ఆ లెటర్ చదివింది. 'తెలిసే సంఖ్య తక్కువ చూపించి విలువ దాచాను' అని ఉంది.

"సుంకం కడతాను. ఇరవైకి పడ్డ లెక్కనే ఆ రెండింటికీ ధర వేసుకోమనండి. జరిమానా కూడా కడతాను. ఈ ఒక్క ముక్కా తీసెయ్యమనండి."

"అది వాళ్ల ఫార్మాటండి. మనం మార్చకూడదు."

"అయితే నేను పెట్టను సంతకం."

అప్పుడే మహేంద్ర ఫోన్ చేశాడు. "ఏమైంది వదినా? లారీ వాకిట్లో ఉంది. నల్లగింజల్తో పంపితే గోడౌన్‌వాళ్లు వెనక్కి తోలేస్తారు."

"దొంగనని రాసిమ్మంటున్నారు, మహేంద్రా."

"రాసిచ్చెయ్ వదినా. ఎవడు చదువుతాడు ఆ కాగితం?"

"నేను చదివాను," అని ఆమె ఫోన్ కట్ చేసింది.

మిల్లుకు తిరిగొచ్చేసరికి గుమస్తా చిట్టియ్య ఎవరికో బియ్యం తూస్తున్నాడు. కాటా ముల్లు నిలిచాక, అలవాటుగా, ఇంకో దోసెడు సంచిలో పోశాడు. బిల్లులో రాయలేదు. ఆమె అటు చూసి లోపలికెళ్లి తలుపు వేసుకుంది. జరిగింది జరిగినట్టు ఒక లెటర్ రాసింది. అడిగాను, ఇచ్చాడు, దాచమని చెప్పలేదు, అనుమానముంటే చాట్ చదవండి. శ్యాంబాబు ద్వారా కస్టమ్స్‌కి పంపింది.

మూడో రోజున పార్సిల్ వచ్చింది. మెకానిక్ ఇరవై వాల్వులూ బిగించి మిషన్ ఆన్ చేశాడు. నల్లగింజలు పక్క గొట్టంలోకి టపటపా రాలాయి.

"చూశావా, మహేంద్రా? చదివారు నా లెటరు," అంది ఆమె.

మహేంద్ర గింజల వైపే చూస్తున్నాడు. "నీ లెటరు కాదు వదినా. ఆ రోజే శ్యాంబాబుని అడిగి ఆ కస్టమ్స్ లెటర్ మీద నేను సంతకం పెట్టేశాను. నేనూ పార్టనర్నే కదా."

"ఎవరి పేరు మీద పెట్టావు?"

"నీ పేరు రానివ్వలేదు వదినా. మిల్లు పేరు మీదే పెట్టాను."

"మిల్లుకున్న పేరెవరిది?"

అతను గొట్టం కింద రాలిన గింజల్ని కాలితో కుప్పచేశాడు.

"పోయిన మీ అన్నయ్య చేత దొంగనని రాయించావు. లారీ కోసం."

"మరేం చెయ్యమంటావు వదినా? మిల్లు మూసుకుని కూర్చోమంటావా?"

ఆమె మిగిలిన రెండు వాల్వులు తీసి సంచిలో వేసుకుంది. "స్పేరుగా ఉంటాయమ్మా," అన్నాడు మెకానిక్. ఆమె అప్పటికే వాకిలి దాటింది.

వంతెన దాటి మళ్లీ ఆ ఆఫీసుకే వెళ్లింది. "ఆ సంతకం వెనక్కి తీసుకుంటాను," అంది.

"ఫైలు మూసేశారండి. ఇంక తీసుకోవడానికి లేదు."

ఆమె వాల్వులు బల్ల మీద పెట్టింది. "అయితే ఇవి పంపినవాడికే పంపెయ్యండి. నాకొద్దు."

శ్యాంబాబు వాటిని చూశాడు, ఆమెను చూశాడు. "పంపొచ్చండి. కానీ పంపాలన్నా విలువ రాయాలండి."

"ఊరికే వచ్చినవి. సున్నా రాయండి."

అతను సున్నా కొట్టి చూశాడు. "సిస్టం తీసుకోవట్లేదండి. పోనీ వంద అని రాసేస్తానండి. ఎవరూ అడగరు."

"మొన్న నా చేత అబద్ధం రాయించబోయారు. ఇవాళ మీరే రాస్తారా? సున్నా కొట్టండి. తీసుకునేదాకా కూర్చుంటాను."

"ఆరింటికి మూసేస్తామండి."

ఆమె కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

"రేపు ఎన్నింటికి తీస్తారు?"