సముద్రపు ఊరి కోడలు

“నీ దిబ్బరొట్టె కాలేదాక సముద్రం ఆగదు వసంతా!” అన్నాడు విజయేంద్ర. పొద్దుటినుంచీ ఆ మాట అనడం అది మూడోసారి.

“సన్నసెగ మీద కాలాలండీ. తొందరపడితే లోపల పిండి పిండిగా ఉంటుంది,” అంది వసంత మూకుడు మీద మూత సర్దుతూ. ఆమె చెప్పడమూ అది మూడోసారే.

అతను గిన్నెల అలమర తలుపుకి అంటించిన కాగితం మీద వేలు పెట్టాడు. సముద్రం ఏ వేళకు పొంగుతుందో, ఏ వేళకు తగ్గుతుందో అందులో ఉంది. “పన్నెండున్నరకు నీళ్లు మొత్తం ఎనక్కి పోతయి. అంతకన్న ముందుగాల్నే పోవాలె, నీళ్లు మళ్ల మర్లంగనే ఇంటిబాట పట్టాలె. ఈడ ఇంటి మిద్దెంత ఎత్తు లేస్తయి నీళ్లు. మీ వైజాగ్ లెక్క కాదు.”

“మీరు మొదటిసారి సముద్రం చూసింది కాలేజీ టూరులో. వైజాగ్ పిల్లకి సముద్రం పాఠం చెప్తారేంటండీ?”

అతనికి షిఫ్టుకు వేళైంది. అతను పనిచేసే కంపెనీలో వెంటిలేటర్లకు గొట్టాలు చేస్తారు. ఊరంతా తలుపులు మూసుకున్నా వాళ్లకు సెలవు లేదు. మాస్కు తగిలించుకుంటూ కూతురి వైపు తిరిగాడు. “తన్వీ, మీ అమ్మని టైంకు బయటకి ఎల్లగొట్టు.”

“గ్రాండ్, డాడ్,” అంది పద్నాలుగేళ్ల తన్వి, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. సరేనన్నా, బాగున్నామన్నా ఈ ఊళ్లో గ్రాండే.

ఇదంతా సోఫాలో శాలువా కప్పుకుని కూర్చున్న అత్తగారి కోసం. నాగరత్నమ్మ కరీంనగర్ నుంచి చలికాలంలో కొడుకును చూసిపోదామని ఐర్లండ్‌లోని ఈ గాల్వే వచ్చింది. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. డెబ్బై దాటినవాళ్లు గడప దాటొద్దన్నారు. సోఫాకూ బాత్రూముకూ మధ్య రెండు నెలలు తిరిగేసరికి మోకాళ్లు బిగుసుకుపోయాయి. డాక్టరు ఫోన్లోనే చెప్పాడు: ఇప్పుడు నడిపించకపోతే ఆ నడక మళ్లీ రాదు. ఈ వారం పెద్దవాళ్లు కూడా ఇంటి చుట్టుపక్కల నడవొచ్చన్నారు గానీ, ఆవిడకు భయం పట్టుకుంది. రోజూ శాలువా కప్పుకుంటుంది, గుమ్మం దాకా వస్తుంది, శాలువా తీసేస్తుంది. చివరికి సముద్రం చూపిస్తామంటే సరేనంది. ఇవాళ జడుసుకుందంటే ఇక అడుగు బయట పెట్టదు. ఆ సంగతి వసంతకు బాగా తెలుసు. తెలిసీ రొట్టె దగ్గర నిలబడింది.

రొట్టె కాలింది. బయలుదేరేసరికి ఒంటిగంట దాటింది.

తీరా చూస్తే సముద్రం ఎక్కడో దూరాన, ఎవరో చాప చుట్టి పక్కన పెట్టినట్టుంది. కనుచూపు మేర తడి ఇసుక. “చూశారా అత్తయ్యా! మీ అబ్బాయి ఊరికే కంగారు పెడతారు,” అంది వసంత. ఆ ఉత్సాహంలో మట్టిగట్టు మలుపు దాటించి, అవతల రాళ్ల మధ్య పెద్ద బండ మీద ఆవిడను కూర్చోబెట్టి డబ్బా విప్పింది.

“మామ్, డాడ్ సెడ్ టు టర్న్ బ్యాక్,” అంది తన్వి.

“మీ డాడీ కాగితం చూసి సముద్రం నేర్చుకున్నారు. నేను సముద్రాన్ని చూసే నేర్చుకున్నాను.”

నిజం చెప్పాలంటే, వసంత నేర్చుకున్నది మరమరాల మిక్చర్ పొట్లం ఇసుక పడకుండా పట్టుకోవడం. ఆదివారం సాయంత్రాలు చెప్పులు చేత్తో పట్టుకుని చీలమండల దాకా దిగేది. వెనక అమ్మ ఆమె జడ వదిలేది కాదు. ఈత రాదు. గాల్వే వచ్చాకే, కరీంనగర్ వాళ్లింట్లో పోటీ లేక, సముద్ర పండితురాలైంది.

అత్తగారు రెండో ముక్క తింటుండగా తన్వి లేచి నిలబడింది. “మామ్. దేర్స్ వాటర్ బిహైండ్ అస్.”

ఎదురుగా అలలేమీ లేవు. వెనక, వాళ్లు వచ్చిన దారిలో, రాళ్ల సందులోంచి నీళ్లు చప్పుడు చేయకుండా పాకి వస్తున్నాయి.

“అల అది. వెనక్కి పోతుంది, ఉండు,” అంది వసంత. వైజాగ్‌లో అల వస్తుంది, కాళ్లు కడుగుతుంది, మర్యాదగా పోతుంది. ఆమె నిలబడి ఎదురుచూసింది. నీళ్లు పోలేదు. ఇంకా కాసేపు ఎదురుచూసింది. నీళ్లు బండ మొదలుకు వచ్చాయి.

“ఏం జూస్తున్నవ్ బిడ్డా? అది పోయేది కాదు,” అంది నాగరత్నమ్మ. చీర మోకాళ్ల పైకి దోపుకుంది. లోపల కొడుకు ట్రాక్ ప్యాంటు. “లేవుర్రి!”

దిగారు. మంచుగడ్డల్లాంటి నీళ్లు. ముందు తన్వి, వెనక వీళ్లిద్దరూ. అత్తగారిని తాను నడిపిస్తున్నాననుకుంది వసంత. మలుపు దగ్గర కాలు జారినప్పుడు తెలిసింది, తన చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నది ఆవిడేనని. గట్టు మీంచి కుక్కతో వెళ్తున్న ముసలాయన ఆగి, మీరు బాగానే ఉన్నారా అని కేకేశాడు. “గ్రాండ్, గ్రాండ్!” అంది వసంత, మోకాళ్ల లోతు నీళ్లలోంచి, చెయ్యి కూడా ఊపి.

కార్లో హీటరు గట్టిగా పెట్టింది. అత్తగారు దారి పొడుగునా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక ఉప్పువేసిన వేణ్నీళ్లలో పాదాలు పెట్టుకుని కళ్లు మూసుకుంది. అయిపోయింది, అనుకుంది వసంత. రొట్టె కోసం ఒక మనిషి నడక పోగొట్టాను. సాయంత్రమంతా చారు కాస్తూ మొగుడికి ఏం చెప్పాలో వెతుక్కుంది. ఏ అబద్ధమూ రెండో ప్రశ్న దాకా నిలిచేలా లేదు.

రాత్రి విజయేంద్ర స్నానం చేసి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. “ఎట్లుండెనే అమ్మా సముద్రం?”

వసంత గరిటె వైపు చూసింది. తన్వి తల్లి వైపు చూసింది. నాగరత్నమ్మ సోఫాలోంచి లేచింది. గోడ పట్టుకోలేదు. ఆ సంగతి గమనించింది వసంత ఒక్కతే. ఆవిడ తిన్నగా బల్ల దాకా నడిచి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, పెరుగు గిన్నె దగ్గరికి జరుపుకుంది.

“మంచిగుండె,” అంది మెల్లగా. “రేపు సుత పోతం. ఇగ రోజూ పోతం. ఏ యాళ్లకు పోవాల్నో, ఏ యాళ్లకు మర్రాల్నో తన్వి చెప్తది. అది లెమ్మంటె ఎవ్వలైనా లేవాలె.”