నాలుగో అంతస్తు పాప

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా మునిసిపల్ ఆరోగ్య కేంద్రంలో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా వార్డులో ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల బరువు చూసే నర్సుని. వెనకాల నన్ను కందిరీగ అంటారు. అననీండి. ఈ సంగతి తలుచుకుంటే మాత్రం కోపమంతా నా మీదకే వస్తుంది.

మా వార్డులోని ఒక భవనంలో లిఫ్టు చెడిపోయి చాలాకాలమైంది. నా మోకాళ్ళు అంతకంటే ముందే చెడిపోయాయి. నాలుగో అంతస్తులో రెండు నెలల పాపను చూడాలి. కింద మెట్లు తుడుస్తున్నావిడ, "పైకెందుకమ్మా? పాప లేదు. వాళ్ళమ్మ ఎత్తుకుని బయటికెళ్ళింది" అంది. బతికిపోయానురా దేవుడా అనుకుని, గోడకానుకుని రిజిస్టరు తీశాను. 'ఇంట్లో లేదు' అని రాయాలి. గడి చూస్తే ఇరుకు. 'లేదు' అని రాసేసి చేతులు దులుపుకున్నాను.

నెల తిరిగాక ఆ తల్లే మా కేంద్రానికి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. హాలు నిండా జనం. ఆమె చేతుల్లో నాకు దుప్పటి ఒక్కటే కనిపించింది.

"ఒక్కదానివే వచ్చావేంటమ్మా? పాపేది?" అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "మీరు కూడానా అక్కా?"

కళ్ళు నులుముకుని చూశాను. దుప్పట్లో పాప ఉంది. నన్నే చూస్తోంది.

"నెలనాళ్ళ నుంచీ ఇంతేనక్కా," అంది ఆమె. "డాక్టరుగారు అందర్నీ పిలిచారు, మా చీటీ తప్ప. దీన్ని కింద దించనిచ్చేది కాదు పక్కింటత్త. ఇప్పుడేమో, ఒక్కదానివే ఉంటావు, తోచదు కదమ్మా అంటోంది. పొద్దున మా ఆయన ఉయ్యాల విప్పి మడతపెట్టేశాడు. అదేంటని అడిగితే, ఊరికే అడ్డంగా ఉంది కదా అన్నాడు. అప్పుడు పాప నా ఒళ్ళోనే ఉందక్కా!"

"నీకు నిద్ర చాలక అలా అనిపిస్తోందిలే" అని పాపను తూకం జోలెలో పెట్టాను. ముల్లు కదల్లేదు. త్రాసు పాడైందేమోనని నా సంచీ పెట్టి చూశాను, మూడు కిలోలు చూపించింది. మళ్ళీ పాపను పెట్టాను. సున్నా.

పాప నోరంతా తెరిచి ఏడుస్తోంది. చప్పుడు మాత్రం లేదు. హాల్లో ఒక్కరూ తల తిప్పలేదు.

"నాక్కూడా సరిగ్గా వినపడట్లేదక్కా," అంది తల్లి. "కళ్ళు మూసుకుంటే దీని మొహం గుర్తు రావట్లేదు. నేనూ మర్చిపోతే ఇంకెవరున్నారు దీనికి?"

అప్పుడు నాకు రిజిస్టరు గుర్తొచ్చింది. పాపను చేతికందించి, ఆమెను వెంటబెట్టుకుని గుమాస్తా బల్ల దగ్గరికి పరిగెత్తాను. అతన్ని ఎర్రసిరా అంటాం, పేర్లు కొట్టేసే కలం అతని దగ్గరే ఉంటుంది కాబట్టి. నెల కాగితాలు కవరులో పెడుతున్నాడు. ఒంటిగంటకి పై ఆఫీసుకు పోతాయి, పోయాక ఇక మార్చడానికి ఉండదంటారు.

రిజిస్టరు లాక్కుని చూశాను. పాప పేరు మీద అడ్డంగా ఎర్రగీత.

"ఏంటయ్యా ఇది? పిల్ల నిక్షేపంగా ఉంటే!"

"మీరే రాశారుగా లేదని. లేదంటే ఇక లేదనేగా? పాపం అనుకుని కొట్టేశా."

"ఇంట్లో లేదనయ్యా మొద్దూ!"

"అలాగా. మీరు తలుపు తట్టి చూశారా?"

తల దించుకున్నాను. జన్మలో మొదటిసారి.

"కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కాలంటే, ఎందుకు తప్పు జరిగిందో మీ చేత్తో రాసి సంతకం పెట్టాలి," అన్నాడు నింపాదిగా. "ఆలోచించుకోండి. చూడకుండా రాశానంటే ఉద్యోగం ఊడుతుంది."

రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. నిజం చెప్పొద్దూ, భయపడ్డాను. కలం పట్టుకుని నిలబడిపోయాను. గోడ గడియారంలో ఒంటిగంటకి పది నిమిషాలుంది. ఇంతలో ఆ తల్లి చేతుల్లోని దుప్పటిని మెల్లగా మడవడం మొదలుపెట్టింది.

"ఇదెందుకు తెచ్చానక్కా?" అంది నా వైపు చూసి.

అంతే, రాసేశాను. 'నేను మెట్లెక్కలేదు. చూడకుండా లేదని రాశాను. పాప ఉంది.' కింద సంతకం పెట్టాను.

హాలు దద్దరిల్లేలా ఏడుపు వినిపించింది. అందరూ ఉలిక్కిపడి చూశారు. "ఎవరమ్మా ఆ పిల్ల? అబ్బో, ఏం గొంతు!" అంటూ డాక్టరుగారు బయటికొచ్చారు. తల్లి పాపను గుండెలకు అదుముకుని భోరుమంది. నేనూ ఏడ్చాను. మళ్ళీ తూకం జోలెలో పెడితే ముల్లు ఐదు కిలోల మీద నిలబడింది.

ఎర్రసిరా బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీసి నా ముందు పెట్టాడు. పేజీ పేజీకీ ఎర్రగీతలున్నాయి. వాటి పక్కన ఇరుకు గడుల్లో 'లేదు', 'లేడు', 'లేదు'. అంతా నా చేతిరాతే. వాటిలో మెట్లు ఎక్కి చూసి రాసినవెన్నో, కింద నిలబడి రాసినవెన్నో నాకే గుర్తులేదు.

ఆ మధ్యాహ్నమే ఒక రిజిస్టరు చంకన పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ ఇంకో భవనంలో మూడంతస్తులెక్కాను. అందులో ఒక బాబు పేరు మీది గీతకి ఐదేళ్ళు. ఒకావిడ తలుపు తీసింది.

"బాబుని చూద్దామని వచ్చానమ్మా."

"బాబెవరు? మాకు పిల్లల్లేరండీ," అని నవ్వింది. "ఉండేది మేమిద్దరమే."

ఆమె వెనక బల్ల మీద మూడు కంచాలున్నాయి.

"మరి మూడోది ఎవరికమ్మా?"

ఆమె వెనక్కి తిరిగి కంచం వైపు చూసింది. "ఏమోనండీ. రోజూ పెట్టేస్తుంటాను. ఎందుకో నాకే తెలీదు."

గుమ్మంలోనే కూలబడి రిజిస్టరు తెరిచాను. 'నేను మెట్లెక్కలేదు' అని మొదలుపెట్టి, చివర 'బాబు ఉన్నాడు' అని రాసి సంతకం పెట్టాను.

లోపలి గదిలో ఏదో కిందపడి దొర్లింది.

ఆవిడ అటు తిరిగి, "ఒరేయ్, నెమ్మదిరా!" అని కసిరింది. ఆ వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.