కాలర్ లైన్‌లో ఇద్దరు ఎక్కువ

పొద్దున్నే చపాతీలు ఒత్తుతుంటే మా ఆయన యుగంధర్ గుమ్మంలో నిలబడి, "జెర జల్ది చెయ్యి, గింత సేపా?" అన్నాడు. పదిహేడేళ్లుగా అంటున్న మాటే. ఆ రోజు మాత్రం నా చేయి ఆగిపోయింది. వారం రోజులుగా బోయిన్‌పల్లిలో నేను కుట్టుపని చేసే బట్టల ఫ్యాక్టరీలో, కొత్తగా వచ్చిన ఇంజినీర్ హిమజ మేడమ్ స్టాప్‌వాచ్ పట్టుకుని నా చేతులనే చూస్తోంది మరి.

లీన్ అని, తక్కువ సమయంలో ఎక్కువ పని తీసే కొత్త పద్ధతి. వంగడం, వెతకడం, ఎదురుచూడడం అన్నీ వృథాయేనట. "మిషన్ మీద కూర్చునేది మీరు. ఏం మార్చాలో మీరే చెప్పండి ఊర్మిళగారూ" అంది. గారూ! ఇంట్లో నా అభిప్రాయం కూరలో ఉప్పు దాకానే. "మిషిన్ కాడ కూసునుడే గదా, గదేం పని?" అంటుంది మా అత్తగారు కమలాబాయి. అందుకేనేమో, అడగ్గానే పొంగిపోయి చెప్పేశాను: కాలర్ కుట్టేవాళ్లనూ, కుట్టినదాన్ని తిరగేసేవాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెడితే కాలర్ల కట్టలు, అదే బండిళ్లు, మోసే పనే ఉండదని. బల్లలు జరిపారు. రోజుకు ఆరువందల కాలర్లు వచ్చేచోట ఎనిమిదివందలు వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం బస్సు మా అల్వాల్ చేరేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

సోమవారం సూపర్‌వైజర్ విజయేందర్ సార్ కాగితం చదివాడు. కాలర్ లైన్‌లో ఇద్దరు ఎక్కువ. హదస్సా, జన్నత్ రేపటి నుంచి రానక్కర్లేదు.

బండిళ్లు మోసేది వాళ్లిద్దరే. ఆ సంగతి నాకు తెలియదా? చప్పట్ల మధ్య గుర్తురాలేదు.

"నీ తప్పు గాదక్కా" అంది హదస్సా, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ. తిట్టినా బాగుండేది. జన్నత్ నా వైపు చూడనే లేదు.

ఇంట్లో చెబితే యుగంధర్, "నీ నౌకరీ ఉన్నది గదా. నీకెందుకు లొల్లి?" అని టీవీ వైపు తిరిగాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. తుడిచిన వంటగట్టునే మళ్లీ తుడిచాను. ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో పిల్లకు తల దువ్వి, బియ్యం ఉడికేలోగా బట్టలు ఆరేసి, ఈ ఇంట్లో నేను ఎన్నేళ్లుగా నిమిషాలు మిగిలిస్తున్నాను! మిగిలిన ఏ నిమిషమూ నాకు దక్కలేదు. ఇంకో పని వచ్చి అందులో కూర్చుంది. ఫ్యాక్టరీలోనూ అంతే, నేను మిగిల్చినదాన్ని ఎవరో తీసుకున్నారు. ఆడవాళ్లిద్దరిని బయటికి పంపారు.

మర్నాడు హిమజ మేడమ్ నన్ను చొక్కా చేతులు కుట్టే లైన్ దగ్గరికి పిలిచింది. "ఇక్కడ ఏదైనా ఆలోచన ఉందా?"

ఉంది. చూడగానే తట్టింది.

"ఉన్నది మేడమ్. ఇప్పుడైతే చెప్ప. హదస్సా, జన్నత్ వాపస్ వచ్చినంక చెప్త."

"ఏందీ, బాగా ఎక్కువైతుందా నీకు?" అన్నాడు విజయేందర్ సార్. పక్క మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

హిమజ మేడమ్ ముఖం పాలిపోయింది. "మంచి ఆలోచన చెప్పినందుకు ఎవరి పనీ పోకూడదు సార్. లీన్‌లో మాకు నేర్పిందే అది" అంది మెల్లగా.

గురువారం హదస్సాను మళ్లీ పిలిపించి చెకింగ్ బల్ల దగ్గర వేశారు. వచ్చి నా భుజం నొక్కి వెళ్లింది. కాసేపటికి విజయేందర్ సార్ చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఇగ చెప్పు."

"ఇంకొకామె రావాలె సార్" అన్నాను.