గొంతుకు ఆనించే గొట్టం

మా బావ నడిపే పాత సామాను కొట్టులో ఒకటే పద్ధతి. సంచి రాగానే బోర్లించడం, స్క్రూలు విప్పడం, రాగి ఒక డబ్బాలో, మోటార్లు ఇంకో డబ్బాలో వేయడం. వచ్చిన వస్తువు ఏమిటో తెలుసుకోవడం ఆయన దృష్టిలో పనిలేని పని.

ఆ ఉదయం ఎవరో ఖాళీ చేసిన గదిలోంచి ఒక సంచి వచ్చింది. అందులో ఒకేలాంటి గొట్టాలు రెండు, చిన్న టార్చిలైటంత ఉన్నాయి. నేను వైర్లు ఒలుస్తుండగానే బావ ఒకదాన్ని విప్పి, లోపలి తీగలు కత్తిరించేశాడు.

"గడ్డం గీసుకునే మిషన్లు" అన్నాడు, రెండోదానికి చెయ్యి చాస్తూ.

"బ్లేడేది బావా?"

"ఊడిపోయుంటుంది."

"రెండింటికీనా?" అంటూ రెండోదాన్ని ఆయనకంటే ముందే అందుకున్నాను.

"ప్రతిదాని పుట్టుపూర్వోత్తరాలూ చూస్తూ కూర్చుంటే కొట్టు మూసుకోవాల్సిందే మరదలా."

"ఈ ఒక్కదానికి చూడనీ. తర్వాత నీ ఇష్టం."

బ్యాటరీ మార్చి మీట నొక్కితే, గుప్పిట్లో తుమ్మెద చిక్కినట్టు రొద చేసింది. అడుగున ఉన్న నంబరు ఫోనులో కొట్టి చూశాను. ఒక పెద్దాయన అలాంటి గొట్టాన్నే మెడకు ఆనించుకుని నవ్వుతున్న ఫొటో వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసినవాళ్లు దీన్ని అలా పెట్టుకుని పెదాలు కదిపితే మాట వినిపిస్తుందట.

ఫోను బావకిచ్చాను. ఆయన చదివి, ముందున్న తీగ ముక్కలు ఒకదానికొకటి ఆనించి చూశాడు.

"ఇది ఇక అతకదు" అన్నాడు మెల్లగా. "ఒక్క నిమిషం ఆగాల్సింది."

ఎదురు కొట్టు దర్జీకి అలాంటి ఆపరేషనే అయి రెండేళ్లు. అప్పటినుంచి ఆయన మాటలన్నీ సుద్దముక్కతో గుడ్డపేలికల మీదే. ఆయన పేరు మేమిద్దరం ఎత్తనేలేదు. బావే గొట్టాన్ని స్పిరిటుతో తుడిచాడు. ఇద్దరం రోడ్డు దాటాం.

దర్జీ భార్య గుండీలు కుడుతోంది. సంగతి విని సూది పక్కన పెట్టింది.

"ఇలాంటిదొకటి ఉంటుందని డాక్టరు అప్పుడే చెప్పాడన్నయ్యా. ఎంత తిరిగినా దొరకలేదు."

దర్జీ పేలిక మీద రాసి మాకు చూపించాడు: 'రెండేళ్లుగా ఈవిడదే రాజ్యం.'

"ఇప్పుడు మాత్రం వదులుకుంటానా" అందావిడ.

ఆయన గొట్టం మెడకు ఆనించాడు. ఉత్త రొదే వచ్చింది. కాస్త కిందికి జరిపాడు, అదే రొద. దవడ కిందికి, ఓ పక్కకు తెచ్చి గట్టిగా ఒత్తి, పెదాలు కదిపాడు.

"పిచ్చుకా."

ఎత్తూ పల్లం లేని గొంతు, గోడ అవతలినుంచి వచ్చినట్టుంది. అయినా ప్రతి అక్షరమూ తెలిసింది. ఆవిడ గలగలా మాట్లాడుతుందని పెళ్లయిన కొత్తలో ఆయన పెట్టుకున్న పేరట అది.

ఆవిడ చీర మీది దారప్పోగులు ఒక్కొక్కటే ఏరింది. తల ఎత్తకుండానే "ఏంటీ? సరిగ్గా వినబడలేదు" అంది.

"అదేంటమ్మా, ఇంత దూరంలో నాకే..." అనబోయిన బావ కాలు తొక్కాను.

దర్జీ గొట్టాన్ని మళ్లీ మెడకు ఆనించుకున్నాడు.